కొండమీది అడవి కంది

వడమాలపేట దగ్గర కొండ ఎక్కుతున్నప్పుడు పల్లవికి ధైర్యంగానే ఉంది. కొత్త కంది రకాలు తయారుచేసే శాస్త్రవేత్త ఆమె. ఈ కొండమీది అడవి కందిని కాయతొలుచు పురుగు ముట్టదు. కాయల మీద దట్టంగా ఉండే నూగు దాన్ని లోపలికి పోనివ్వదు. ఆ గుణాన్నే మామూలు కందిలోకి తెచ్చి, ఆ కొత్త రకాన్ని కొండ కింది ఊళ్లో రైతు చెంగయ్య చేలో వేయించింది. కొన్నేళ్లు మందు కొట్టకుండానే పంట పండింది. ఈ ఏడు మాత్రం పురుగు కాయలన్నీ తొలిచేసింది.

"మళ్లీ అడవి విత్తనం తీసుకుపోయి, ఇంకా గట్టి రకం తీస్తానన్నా," అంది పల్లవి.

"తియ్యమ్మా. నిన్ను నమ్మే ఊరంతా ఆ కందే ఏసినారు," అన్నాడు ముందు నడుస్తూ దారి చూపిస్తున్న చెంగయ్య.

బండల మధ్య అడవి కంది తీగలు కనబడ్డాయి. పల్లవి వంగి ఒక కాయ ఒలిచింది. లోపల గింజ లేదు. పచ్చటి పురుగు మెదిలింది. పక్క కాయలోనూ అంతే. ఆ పక్క తీగలోనూ అంతే.

"మా నాయన కాలం నుంచి దీంట్లో పురుగును సూడలేదమ్మా. యాడ నుంచి వచ్చింది ఇది?"

పల్లవి కొండ కిందికి చూసింది. కనుచూపు మేరా తన కందే.

"మన చేలల్లో నుంచేనన్నా," అంది మెల్లగా. "నూగును కొరికేది ఆడ నేర్చుకోని, ఈడికి ఎక్కింది."