పద్దెనిమిదితో గుణిస్తే

మిషన్ మీద అంకె చూడగానే ఆమె గుండె జారిపోయింది.

ఇరవై ఒకటి పాయింట్ నాలుగు.

అమ్మ షుగరు ఏనాడూ నూటయాభైకి తగ్గింది లేదు. పాత మిషన్ పొద్దున్నే మొరాయిస్తే, పక్కింటావిడకు కొడుకు విదేశం నుంచి పంపినది అడిగి తెచ్చింది. అందులో ఇరవై ఒకటి!

"అమ్మా, కళ్ళు తెరువమ్మా!"

అమ్మ సోఫాలో ఒరిగిపోయి ఉంది. మూలుగు తప్ప పలుకు లేదు.

ఆమె వంటింట్లోకి పరుగెత్తింది. పంచదార సగం గ్లాసులో పడింది, సగం గట్టు మీద ఒలికింది. నీళ్ళు పోసి చెంచాతో గబగబా తిప్పింది.

నీళ్ళ క్యాన్ భుజానేసుకుని వచ్చిన మనిషి గుమ్మంలోనే ఆగాడు. ఈ వారమే పనిలో చేరినవాడు. తల నెరిసింది, చొక్కా తడిసింది.

"ఏమైందమ్మా?"

"షుగరు పడిపోయింది. ఇరవై ఒకటి. తప్పుకోండి!"

అతను క్యాన్ దించి, టేబుల్ మీది మిషన్ అందుకుని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. ముఖం పాలిపోయింది.

"ఆగమ్మా, తాగించకు! అంకె కింద చిన్నక్షరాలు చూడు. ఇవి మిల్లీమోల్స్, విదేశాల కొలత. నీకు అలవాటైనవి మిల్లీగ్రాములు. పద్దెనిమిదితో గుణించాలి. మూడువందల ఎనభై అయిదు! పడిపోవడం కాదు, పెరిగిపోయింది."

"నీళ్ళు మోసేవాడివి, నీకేం తెలుసయ్యా? మా అమ్మ పోయేలా ఉంటే లెక్కలు చెబుతావా?"

గ్లాసు అమ్మ పెదాల దాకా వెళ్ళింది.

అతను గ్లాసుకు తగిలేలా చెయ్యి ఒక్క విసురు విసిరాడు. గ్లాసు భళ్ళున పగిలింది.

ఆమె అతని చెంప ఛెళ్ళుమనిపించింది.

అతను చెంప కూడా తడుముకోలేదు.

"తర్వాత ఇంకో రెండు కొట్టు తల్లీ. ముందు ఆస్పత్రికి పద" అంటూ అమ్మను రెండు చేతులా ఎత్తి, కిందకు మోసుకొచ్చి ఆటో ఎక్కించాడు.

దారిలోనే ఆమె నీళ్ళ షాపు ఓనరుకు ఫోన్ చేసి కడిగిపారేసింది. ఆ రౌడీ మళ్ళీ తన గుమ్మం తొక్కితే పోలీసుల్ని పిలుస్తానంది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ రిపోర్టు చూసింది.

"మూడువందల తొంభై. టైముకి తెచ్చారు. తీపిదేమీ పట్టలేదు కదా?"

ఆమె లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

మూడోరోజు అమ్మ లేచి కూర్చుని ఆకలంది. ఆ సాయంత్రమే ఆమె నీళ్ళ షాపుకు వెళ్ళింది.

"ఆయన లేరండీ. మీ ఫోన్ వచ్చాక నేనూ నోటికొచ్చినట్టు అనేశాను. మర్నాడే గది ఖాళీ చేసి వెళ్ళిపోయారు" అన్నాడు ఓనరు.

"ఎక్కడికి?"

"చెప్పలేదు. స్వయానా మా బావగారండీ. మా అక్క పోయాక ఇంట్లో ఒక్కరే కూర్చోలేక ఇక్కడికొచ్చి క్యాన్లు మోస్తున్నారు. ముప్ఫై ఏళ్ళు కాలేజీలో కెమిస్ట్రీ పాఠాలు చెప్పిన మనిషి."

"ఆ మాట ఆ రోజే నాతో అనొచ్చుగా!"

ఓనరు తల దించుకున్నాడు.

"ఏమని చెబుతారండీ? ఇలాంటి మిషన్‌లోనే అంకె చూసి, ఆ కంగారులో తను పాఠం చెప్పే లెక్కే మరిచిపోయి, మా అక్కకు తన చేత్తోనే పంచదార నీళ్ళు పట్టించారు."