నాలుగు తరాల హస్తవాసి

తిరుపతిలో క్లినిక్ గేటు దగ్గర ఒక ముసలాయన వచ్చి ధనుంజయ చొక్కా పట్టుకున్నాడు.

"చెయ్యి తిమ్మిరిగా ఉండాదా? అది చెప్పి లోపలికి పో."

ధనుంజయ ఆగాడు. నగరిలో అతనికి రెండు మరమగ్గాలు. నెల రోజులుగా తెగిన పోగు కుడిచేతి వేళ్ళకు తెలియడం లేదు. కంటితో చూసి ముడి వేస్తున్నాడు. మెడ నుంచి మోచేతి దాకా నొప్పి.

"ఉండాది. నీకెట్లా తెలుసు?"

"రోడ్డు దాటతా వేళ్ళు విదిలిస్తాంటివి. చూసినాను. తిమ్మిరి ఉంటే మెడ తిప్పించుకోకూడదు. ముందు పెద్దాసుపత్రికి పోయి స్కానింగ్ తీయించుకో."

భార్య భువనేశ్వరి మధ్యలోకి వచ్చింది.

"ఎవురయ్యా నువ్వు? ఏ ఆసుపత్రి బ్రోకరువి?"

"ఎవురైతే ఏం పాపా. విరిగిన ఎముకకు కట్టు కట్టేది వైద్యం. మెడ తిప్పి టక్కుమనిపించేది వైద్యం కాదు. శబ్దం వస్తే జబ్బు పోయినట్టా?"

"ఈ డాక్టరు సారు వీడియోలు నలభై లక్షల మంది చూసినారు. వాళ్ళంతా ఎర్రోళ్ళు, నువ్వొక్కడివే తెలివైనోడివా?"

"చూసినోళ్ళకు మెడనొప్పి లేదు గదా."

వాచ్‌మన్ మురుగేష్ వచ్చాడు.

"రోజూ ఇదే గోల ఈ గుండుతో. పో సామీ, పో. పోయి అలిపిరి మెట్ల కాడ అడుక్కో."

మెడ మీద చెయ్యి వేసి తోశాడు. ముసలాయన తూలి గోడ పట్టుకున్నాడు. అతని ఎడమ చెవి తమ్మె రెండుగా చీలి ఉండడం భువనేశ్వరి చూసింది.

"ఇంతకుముందు యాడనో చెవి తెగేదాకా తన్నులు తిన్నట్టుండావు. అయినా బుద్ధి రాలేదు."

"తన్నులు కాదు పాపా. నా కొడుకు రెండేండ్లోడప్పుడు ఎత్తుకొని ఉంటే చెవికి పెట్టుకున్న బంగారు కడుకు పట్టి లాగినాడు."

ఆమె వినలేదు. మొగుడి చెయ్యి పట్టుకొని లోపలికి నడిచింది.

లోపల గోడకు పటం ఉంది. పటంలో మనిషికి తలపాగా, మీసం. పైనుంచి రెండు పక్కలా గంధపు చెక్కల దండ. కింద రాసి ఉంది: 'స్వర్గీయ ఆదిమూలం వైద్యులు. నాలుగు తరాల హస్తవాసి.'

"సారు వాళ్ళ నాయన," అంది కౌంటర్లో కూర్చున్న హేమశ్రీ. "విరిగిన ఎముక యాడుండాదో కండ్లు మూసుకొని చెప్పేవాడంట. దణ్ణం పెట్టుకొని పోండి, మంచిది."

భువనేశ్వరి పటాన్ని తాకి చెయ్యి కళ్ళకు అద్దుకుంది.

గది తలుపు మీద 'డాక్టర్ మోహన, కైరోప్రాక్టిక్' అని బోర్డు. మోహన ధనుంజయ వేళ్ళు చూడలేదు. ఒక కాగితం మీద సంతకం తీసుకున్నాడు. మెడ దగ్గర మైకు పెట్టాడు. ఫోన్‌లో వీడియో మొదలుపెట్టాడు.

టక్. రెండో వైపు టక్.

"ఎట్లుండాది?"

"తేలిగ్గా ఉండాది సార్."

ఆ మాట వీడియోలో పడింది.

బయటికొచ్చాక ధనుంజయ రోడ్డవతల కూర్చున్న ముసలాయనను చూసి నవ్వాడు.

"చూసినావా పెద్దాయనా? నడుచుకుంటానే వచ్చినాను."

"వేళ్ళు?" అన్నాడు ముసలాయన.

ధనుంజయ కుడిచెయ్యి జేబులో పెట్టుకొని బస్టాండు వైపు నడిచాడు.

పుత్తూరు దగ్గర బస్సులో అతని చేతిలోని నీళ్ళ సీసా జారింది. నగరిలో దిగబోతే కుడికాలు లేవలేదు. బస్టాండు నుంచే అంబులెన్సులో మళ్ళీ తిరుపతికి తెచ్చారు.

ఆపరేషన్ చేసిన డాక్టర్ బాలసుబ్రమణ్యం స్కానింగ్ ఫిల్మును వెలుగుకు పట్టి చూపించాడు.

"డిస్కు ముందే వెన్నుపామును ఒత్తుతా ఉండింది. మెడ తిప్పేసరికి ఇంకా నలిగింది. తిమ్మిరి ఉన్నప్పుడు మెడ తిప్పించుకోకూడదని ఎవరూ చెప్పలేదా?"

"చెప్పినాడు సార్," అంది భువనేశ్వరి.

"ఏ డాక్టరు?"

"డాక్టరు కాదు సార్. గేటు కాడి ముసలాయన."

పదకొండో రోజుకు కాలు కదిలింది. వేళ్ళు కదల్లేదు. నర్సు ధనుంజయ చేతిలో దూది పెట్టింది. పెట్టినట్టు అతనికి తెలియలేదు.

భువనేశ్వరి ఆసుపత్రి నుంచి నేరుగా ఆ క్లినిక్‌కు వెళ్ళింది. గేటు దగ్గర మురుగేష్ ఆ ముసలాయననే మళ్ళీ బయటికి తోస్తున్నాడు. ఆమె ఆగలేదు.

హాల్లో పదిమంది కూర్చుని ఉన్నారు. మోహన గదిలోంచి వచ్చాడు. చేతిలో కాగితం.

"మీ ఆయన సంతకం పెట్టినాడమ్మా. జబ్బు ముందునించే ఉండాది. నా తప్పు లేదు."

"ఆ సంతకం పెట్టిన చెయ్యి ఇప్పుడు అన్నం ముద్ద ఎత్తలేదు. పోగు ఎట్లా ముడేస్తాడు? నువ్వు డాక్టరువేనా?"

"బోర్డు చూడు."

"బోర్డు నేనూ రాయించుకుంటా. ఎవురి దగ్గర నేర్చుకున్నావు ఈ పని?"

మోహన పటం వైపు చెయ్యి చూపాడు.

"మా నాయన దగ్గర. ఆయన పోయి ఆరేండ్లు. ఆయనుంటే నిన్ను ఈడ ఇట్లా మాట్లాడనిచ్చేవాడా?"

"ఆయనకు దణ్ణం పెట్టే గదరా నా మొగుణ్ణి నీ చేతికిచ్చినాను! ఉంటే ఆయన్నే అడుగుదును, ఇదేనా నువ్వు నేర్పిందని!"

ఆమె పటం మీది దండ పట్టి లాగింది. దారం తెగింది. గంధపు చెక్కలు నేల మీద చెల్లాచెదురయ్యాయి.

పటంలో దండ కింద ఇన్నాళ్ళూ దాగిన ఎడమ చెవి తమ్మె రెండుగా చీలి ఉంది.