లంకలో ఇంకుడు గుంత

“కొల్లేట్లో ఇంకుడు గుంత తవ్వమన్న మహానుభావుడికి కళ్ళున్నాయాండీ? పోనీ, మీకున్నాయా?”

లంక ఊరి సర్పంచి మార్తమ్మ అడిగిన మాటకి పంచాయతీ కార్యదర్శి గోపీనాథ్ ప్యాంటుకంటిన బురద గీక్కున్నాడు. తాడేపల్లిగూడెం నుంచి బండి మీద వస్తూ దారిలో బురదలో పడి లేచిన మనిషి. ప్రతి పంచాయతీ తీర్మానం చేయాలనీ, వాన నీరు భూమిలోకి ఇంకేలా గుంత తవ్వి చూపించాలనీ పైనుంచి ఉత్తర్వు వచ్చిందనీ, మెట్టకైనా లంకకైనా అదొక్కటేననీ నీరసంగా చెప్పాడు.

“తవ్వకపోతే?”

“మంచినీళ్ళ ట్యాంకరు బిల్లు పాసవదండి.”

మార్తమ్మ జోరు అక్కడితో ఆగిపోయింది. ఊరి బోరులో వచ్చేవి ఉప్పునీళ్ళు. ఏలూరు నుంచి ఆ ట్యాంకరు రాకపోతే ఊళ్ళో ఎవరి గొంతూ తడవదు. దాని కోసం పోయిన వేసవిలో ఆమె ఏలూరు ఆఫీసు ముందు ఎండలో ధర్నాకి కూర్చుంది. తిట్టుకుంటూనే తీర్మానం మీద సంతకం పెట్టింది.

గుంత మోకాలి లోతు తవ్వేసరికి కిందనుంచి ఊట ఉబికింది. తోడేకొద్దీ నిండింది. ఆమె భర్త ఎలీయాజరు గట్టున కూర్చుని, “కొరమేను పిల్లల్ని వదులుదామే, దానికీ ఓ తీర్మానం చెయ్యి” అన్నాడు. నవ్వే ఓపిక ఎవరికీ లేదు.

తనిఖీకి ఏలూరు నుంచి పై అధికారి చలపతిరావుగారు కారులో వచ్చారు. పొద్దున్నే తోడించిన గుంత అప్పటికి మళ్ళీ నిండిపోయింది.

“ఇది ఇంకడం లేదేమండీ?” అన్నారాయన.

వచ్చిన మనిషికి ముందు మంచినీళ్ళివ్వడం ఆ ఊరి మర్యాద. మార్తమ్మ ట్యాంకరు నీళ్ళ బిందెలో గ్లాసు ముంచి అందించింది. ఆయన గటగటా తాగేశారు.

“తియ్యగా ఉన్నాయి. ఎక్కడివమ్మా?”

అధికార్లతో పోట్లాడి పోట్లాడి అలసిన ప్రాణం ఆమెది. ఈ ఒక్కసారికి వాళ్ళకి కావలసిన మాటే చెబితే పోలా అనుకుంది.

“మా బోరువేనండి. గుంత తవ్వాక ఉప్పదనం పోయిందండి.”

చలపతిరావుగారి మొహం వెలిగిపోయింది. గుంత పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నారు. పాసు చేశానన్నారు. మార్తమ్మ కళ్ళు మూసుకుని ప్రభువుకి స్తోత్రం చెప్పుకుంది. ఊరికి ఇంక నీళ్ళ బెంగ లేదు.

కారెక్కుతూ ఆయన గోపీనాథ్‌ని పిలిచారు.

“రేపట్నుంచి ట్యాంకరు ఆపేయండి.”