అర అడుగు

"ఆపండి! ఎవరీవిడ?"

రైల్వే ప్లాట్‌ఫారం సెట్‌లో ఉత్తరం చదువుతూ ఏడుస్తున్న హీరోయిన్ మార్గో డెలానీ ఏడుపు ఆపేసి గిర్రున వెనక్కి తిరిగింది.

వెనకాల, చేతిలో పెట్టె పట్టుకుని ఒక ముసలామె నిలబడి ఉంది. ఎక్స్‌ట్రా. ప్రయాణికుల గుంపులో నడిచిపోవాల్సిన మనిషి, వచ్చి మార్గో భుజానికి తగిలేంత దగ్గరగా ఆగింది.

అసిస్టెంటు డైరెక్టర్ హాంక్ పరిగెత్తుకొచ్చాడు.

"పెర్కిన్స్ గారూ, ఆ స్తంభం దాటి రావద్దని చెప్పానా లేదా?"

"చెప్పావు నాయనా. పొరపాటయింది."

మార్గోతో మాత్రం ముసలామె ఒక్క మాట అనలేదు. అనకూడదు కూడా. ఎక్స్‌ట్రాలు హీరోయిన్‌తో మాట్లాడకూడదన్నది ఆ స్టూడియోలో కట్టుబాటు.

"మొదటి టేకులో బుద్ధిగానే ఉందిగా! ఇప్పుడేం పుట్టింది?" అని మార్గో హాంక్ మీద విరుచుకుపడింది.

ఆ కోపానికి అసలు కారణం వేరే ఉంది. మార్గోకి నలభై దగ్గర పడుతున్నాయి. కాంట్రాక్టు ఈ నెలాఖరుతో సరి. స్టూడియో పెద్దాయన కెల్సో రేపు ఈ ఏడుపు సీనే చూసి, ఆమెని ఉంచుకోవాలో పంపించెయ్యాలో తేలుస్తాడు. ఆ భయం బయటపడకూడదని పొద్దుట్నుంచీ అందరి మీదా అరుస్తోంది.

మళ్ళీ కెమెరా తిరిగింది. మార్గో తను నిలబడాలని నేల మీద గీయించుకున్న గీత మీదికెళ్ళి ఉత్తరం విప్పింది. కన్నీళ్ళొచ్చాయి.

అంతలో ముసలామె మళ్ళీ వచ్చి పక్కన చేరింది!

ఈసారి మార్గో ఆపలేదు. నా సీను నువ్వు కొట్టేస్తావా అనుకుని, ఆమెని తప్పించుకుని అర అడుగు ముందుకు జరిగింది. ఆ కసి మీదే తల పైకెత్తి, సీను చివరిదాకా ఏడ్చేసింది.

"బ్రహ్మాండం! మొదటిదీ ఇదీ రెండూ ప్రింటు వేయించండి," అన్నాడు డైరెక్టర్.

మార్గో కళ్ళు తుడుచుకుంది.

"హాంక్, ఆవిడ మళ్ళీ ఈ గేటు దాటి లోపలికి రాకూడదు."

"మేడమ్, పెద్దావిడ. గొడవ మనిషి అని ఆవిడ కార్డు మీద రాసి, ఎక్స్‌ట్రాలని పిలిచే ఆఫీసుకి పంపితే ఇంక ఏ స్టూడియో వాళ్ళూ పిలవరు."

"పిలవకపోతే ఇంట్లో కూచుని స్వెట్టర్లు అల్లుకోమను. ఈ వయసులో తెర మీద కనపడాలని సరదా చూడు!"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. హీరోయిన్ జోకేస్తే నవ్వకపోతే ఎలా?

ముసలామెకి అన్నీ వినపడ్డాయి. పెట్టె సెట్ వాళ్ళకి అప్పగించి, కెమెరామన్ గస్‌కి తలూపి, వెళ్ళిపోయింది.

మర్నాడు ప్రొజెక్షన్ గదిలో కెల్సో చుట్ట వెలిగించాడు.

మొదటి టేకు పడింది. తెర మీద మార్గో కళ్ళ కింద నల్లటి గుంటలు, మెడ మీద ముడతలు. కెల్సో చుట్ట పక్కన పెట్టేశాడు.

రెండోది పడింది.

"ఆఁ! మన మార్గో అంటే ఇదీ!" అన్నాడు కెల్సో. "నిన్ను ఇంకో మూడేళ్ళు ఎక్కడికీ పోనివ్వను."

మార్గో బయటికొచ్చి, వరండాలో ఉన్న గస్‌ని కావలించుకుంది.

"నా ప్రాణం నిలబెట్టావు గస్! రెండోసారి లైటేం మార్చావు?"

"నేనేం మార్చలేదు మేడమ్. మీరే జరిగారు. మీరు పట్టుబట్టి గీయించుకున్న ఆ గీత మీద నిలబడితే, నెత్తిమీది దీపానికి కళ్ళ కింద నీడలు పడతాయి. అర అడుగు ముందుకొస్తే ఎదుటి దీపం మొహం నిండా పడుతుంది."

"ఆ మాట నాతో చెప్పొచ్చుగా!"

"మీ మొహం మీద నీడ పడుతోందని కిందటేడు ఒక లైట్‌మాన్ చెప్పాడు. ఇప్పుడు పెట్రోలు బంకులో పనిచేస్తున్నాడు. నాకు పింఛను రావడానికి ఇంకా రెండేళ్ళుంది మేడమ్."

మార్గోకి తను ఎందుకు ముందుకు జరిగిందో గుర్తొచ్చింది.

"అంటే ఆవిడ... కావాలనే వచ్చిందా?"

"మొదటి టేకులోనే నీడ చూసింది. నోటితో చెప్పే వీల్లేదాయె. ఇంకెలా జరుపుతుంది మిమ్మల్ని?"

మార్గో సిగ్గుతో చచ్చిపోయింది. ఆ ముసలామె మొహం గుర్తు తెచ్చుకుందామని చూసింది. గుర్తు రాలేదు. అసలు చూస్తేగా!

"హాంక్! ఆవిడకి ఫోన్ చెయ్యి. ఆ కార్డు వెనక్కి తెప్పించు. నేనే స్వయంగా వెళ్ళి క్షమించమంటాను."

హాంక్ ఫోన్ చేసి, తల వంచుకుని వచ్చాడు.

"ఇంక పిలుపులు రావని పొద్దున్నే తెలిసిపోయిందట మేడమ్. గది ఖాళీ చేసి బస్సెక్కేసింది. చెల్లెలి ఊరికట. ఏ ఊరో ఇంటావిడకి తెలీదు."

మార్గో గోడకి చేరగిలబడింది. పక్కవాళ్ళు చూస్తున్నా ఈసారి కన్నీళ్ళు దాచుకోలేదు.

"ఒక ఎక్స్‌ట్రాకి ఆ దీపం సంగతి ఎలా తెలుసు గస్?"

గస్ ప్రొజెక్షన్ గది తలుపు వైపు చూశాడు.

"పెర్కిన్స్ అన్నది మొగుడి పేరు మేడమ్. తెర పేరు అడెలా ఫెయిర్. పద్దెనిమిదేళ్ళ కిందట ఈ స్టూడియో హీరోయిన్ ఆవిడే. అప్పుడూ కెమెరా నాదే, అప్పుడూ నేను నోరు మూసుకునే ఉన్నాను. ఇవే నీడలు చూసి, ఇదే గదిలో కెల్సో గారు ఆవిడ కాంట్రాక్టు రద్దు చేశారు... ఆ ఖాళీలోకే మిమ్మల్ని తీసుకొచ్చారు."