ఎవడి అంకె పక్కన వాడి అంకె

"చెప్పులు బయట విడిచి రా" అన్నాడు రంగనాథ్ తల ఎత్తకుండా.

వచ్చినవాడు ముందే విడిచాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. చేతిలో మడత పెట్టిన కాగితం ఉంది.

"నా పేరు ముసలయ్యండి. ఊపిరి సర్వే లెక్క గురించి వొచ్చేను బాబూ."

రంగనాథ్ కలం ఆపాడు. ఆదిత్యపూర్‌లోని ఆ ఫౌండ్రీలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదివినవాడు అతనొక్కడే. లెక్క గురించి మాట్లాడడానికి ఆ గదికి ఇంతవరకు ఎవడూ రాలేదు.

అది 1978. పోత పోసిన ఇనుప సామాన్లకు అంటిన ఇసుక దులిపే షెడ్డులో నలభై మంది పనిచేస్తారు. నిరుడు కాంపౌండర్ వాళ్ల చేత ఊపిరి బలం కొలిచే మీటర్‌లోకి ఊదించాడు. మొన్న అదే నలభై మంది చేత మళ్లీ ఊదించాడు. దుమ్ము వల్ల ఊపిరి తగ్గిందని తేలితే కంపెనీ దుమ్ము లాగే ఫ్యాను పెడుతుంది. తేలకపోతే పెట్టదు.

తేల్చవలసినవాడు రంగనాథ్. అతను ఆ షెడ్డులో ఎన్నడూ అడుగుపెట్టలేదు. అంకెలే అతని టేబుల్ మీదికి వచ్చాయి.

"తేడా ఏటీ లేదని రాసేరట?"

"రాశాను. నీకెందుకు? ఎక్కడ నేర్చుకున్నావ్ లెక్కలు?"

"టాటానగర్ రైలు యార్డులోనండి. వేగన్ల కాటా దగ్గర తొమ్మిదేళ్లు సేసేను."

గేటు దగ్గర లారీలు తూచే మనిషి కాబోలు అనుకున్నాడు రంగనాథ్. తన టెస్టు మీద అప్పీలు కాటా దగ్గర్నుంచి వచ్చిందన్నమాట.

"సరే, విను. నిరుడు సగటు నాలుగొందల ముప్ఫై. ఈ ఏడు నాలుగొందల తొమ్మిది. ఇరవై ఒకటి తగ్గింది. కానీ మూడొందలు ఊదేవాడున్నాడు, అయిదొందల యాభై ఊదేవాడూ ఉన్నాడు. అంత ఎగుడుదిగుళ్లలో ఇరవై ఒకటి ఏ మూలకూ రాదు. టీ టెస్టు చేస్తే ఒకటిన్నర కూడా రాలేదు. తేడా నిజమనాలంటే రెండు దాటాలి. అర్థమైందా?"

"టీ తెలవదు బాబూ. కాటా తెలుసు."

"చెప్పు మరి, నీ కాటా శాస్త్రం."

"వేగన్లన్నీ ఒక్క బరువుండవండి. ఖాళీగా ఒకపాలి తూత్తాం. లోడెక్కేక అదే వేగన్ని మళ్లీ తూత్తాం. దాని లోడు బరువులోంచి దాని ఖాళీ బరువే తీసేత్తాం. ఖాళీవన్నీ ఓ కుప్ప, లోడువన్నీ ఓ కుప్ప ఏసి సూత్తే మా సాబు తన్నేవోడు."

రంగనాథ్ నవ్వాడు. "మనుషులు వేగన్లా?"

"కుప్పేసింది మీరే గదా బాబూ."

నవ్వు ఆగిపోయింది.

ముసలయ్య కాగితం మడత విప్పాడు. "ఎవుడి అంకె ఆడు షెడ్డు గోడ మీద సుద్దతో రాసుకున్నాడండి. టోకెన్ నంబరు వారీగా ఎక్కించేను. ఎవుడి పాత అంకె పక్కన ఆడి కొత్త అంకె. ముప్పై ఎనిమిది మందికి తగ్గింది. ఇద్దరికే పెరిగింది. రూపాయి బిళ్ల నలబైసార్లు ఎగరేత్తే ముప్పై ఎనిమిదిసార్లు బొమ్మే పడతాదేటి?"

రంగనాథ్ గొంతు పెంచాడు.

"మనిషి వారీగా చూస్తే ఏమవుతుందో తెలుసా? బోర్డు మీద నోటీసుంది. పావు వంతు ఊపిరి తగ్గినవాడు అన్‌ఫిట్. ఉద్యోగం ఊడుతుంది. సగటు చూస్తే ఎవడికీ ఏమీ కాదు. వాళ్ల మేలుకే చేశాను."

"నోటీసు సదివేనండి. ఎవుడో ఒకడు పోతాడు. మిగతావోళ్లకి ఫ్యాను వత్తాది గదా."

"పరాయివాడి ఉద్యోగం కదా, బాగానే చెబుతావ్."

ముసలయ్య కాగితం టేబుల్ మీద పెట్టాడు. రంగనాథ్ దాన్ని చెత్తబుట్టలో వేశాడు.

"వెళ్లు. లారీలు ఆగిపోతాయి."

"దండాలు బాబూ."

మూడు వారాలకు కలకత్తా హెడ్డాఫీసు నుంచి రిపోర్టు తిరిగి వచ్చింది. మార్జిన్‌లో ఎర్ర సిరాతో ఒక్క వాక్యం ఉంది: "రెండుసార్లూ ఊదింది అదే మనుషులైనప్పుడు, వేరువేరు గుంపులకు వాడే టెస్టు ఎందుకు?"

రంగనాథ్ టోకెన్ వారీగా తేడాలు తీశాడు. గంట పట్టింది. ఆ తేడాల మీద టెస్టు చేస్తే ఆరు వచ్చింది.

పావు వంతు దాటి తగ్గినది ఒక్క టోకెనే. ఆ నంబరు హాజరు చూసే టైమ్ ఆఫీసుకు పంపాడు. నంబరుకు పేరు వెతకడం వాళ్ల పని. వాళ్లు టైపు చేసి పంపిన కాగితం మీద, మిగతా కాగితాలతో పాటు, చదవకుండానే సంతకం పెట్టాడు.

ఫ్యాను మంజూరైంది. మేనేజరు పిలిచి మెచ్చుకున్నాడు. రంగనాథ్ థాంక్స్ చెప్పాడు. కాటా సంగతి చెప్పలేదు.

ఫ్యాను బిగించిన రోజున అతనికి ఆ మనిషి గుర్తొచ్చాడు. ఒక చాయ్ ఇప్పిస్తే సరిపోతుందనుకుని గేటు దగ్గరి కాటా గదికి నడిచాడు. గుమాస్తా గోవిందరావు లేచి నిలబడ్డాడు.

"మీ ముసలయ్యను పిలు."

"కాటా మీద నానొక్కడినే సార్. ముసలయ్య ఎవుడూ లేడిక్కడ."

"టాటానగర్ యార్డులో తొమ్మిదేళ్లు చేశానన్నాడే?"

"ఓ, ఆడా! ఆ యార్డు పని పోయి ఆరేళ్లయింది సార్. పెళ్లాం పిల్లల్ని తీసుకుని పదిరోజుల కిందట ఊరెళిపోయేడు. మీకు తెలవదేటి?"

"నాకెలా తెలుస్తుంది?"

గోవిందరావు అతని ముఖంలోకి చూశాడు. ఇక లోపలికి రానివ్వకూడని వాళ్ల కాగితాలు గోడకున్న మేకుకు గుచ్చి ఉన్నాయి. పైనున్నది తీసి చేతికిచ్చాడు.

అడుగున రంగనాథ్ సంతకం ఉంది, పైన టైపు అక్షరాల్లో రెండు వరుసలు ఉన్నాయి: టోకెన్ ఇరవై మూడు, ఎస్. ముసలయ్య, ఇసుక షెడ్డు. నిరుడు నాలుగొందలు, ఈ ఏడు రెండొందల తొంభై, అన్‌ఫిట్.