ప్రశ్న అడిగాక

ఉద్యోగం అయిపోయాక పాఠాలు ఫోనులో రికార్డు చేసి బ్లాగులో పెట్టడం నేర్చుకున్నాను. ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా ఆగే బడి అలవాటు మాత్రం పోలేదు.

వీడియోలు సరిచేసిపెట్టే అమ్మాయి ఇవాళ నవ్వింది.

“ఎవరికోసం మాస్టారూ ఎదురుచూపులు? గోడ చెబుతుందా? పాత వీడియోల్లో ఆ ఖాళీలన్నీ కత్తిరించేశాను.”

“మంచిదమ్మా.”

“వెనకనుంచి ఎవరో ఆవిడ జవాబులు అందిస్తున్నారు. అన్నీ తప్పులే! ఆ గొంతు కూడా తీసేశాను.”

“కత్తిరించకముందువి ఉన్నాయా?”

“ఫోనులో చోటు చాలక చెరిపేశానండీ. బ్లాగులో కూడా పాతవి తీసేసి కొత్తవే పెట్టాను. ఏం, కావాలా?”

“అక్కర్లేదమ్మా” అన్నాను.

మా ఆవిడ ఏనాడూ బడి మొహం చూడలేదు. నేను పాఠం చెబుతుంటే కూరలు తరుగుతూ వినేది, తోచిన జవాబు చెప్పేది. పోయిన నెల కాలం చేసింది.

తన గొంతు నా దగ్గర ఇంకెక్కడా లేదు.