సీసం చక్రవర్తి

భానుమూర్తి బల్ల సొరుగులోంచి బైజాంటిన్ చక్రవర్తి మాయమయ్యాడు.

చక్రవర్తి అంటే నిలువెత్తు విగ్రహమేం కాదు. రూపాయి బిళ్ళంత సీసం ముద్ర. ఒకవైపు గడ్డం రాజు, రెండోవైపు ఎవరికీ అర్థంకాని అక్షరాలు, మధ్యలో దారం దూరడానికి సన్నటి బెజ్జం. వెయ్యేళ్ళ కిందట కాన్‌స్టాంటినోపుల్ నుంచి బయల్దేరే సర్కారు కాగితాలకు దాన్ని వేలాడదీసేవారు. ఎవరో నవాబుగారు దేశాలు తిరిగి తెచ్చి కాలేజీకిచ్చారు. చరిత్ర లెక్చరరు భానుమూర్తి, వ్యాసం రాద్దామన్న ఉత్సాహంలో, సెలవులకు ముందు ఎవరికీ చెప్పకుండా దాన్ని జేబులో వేసుకుని దిల్‌సుఖ్‌నగర్‌లోని తన అద్దె వాటాకు తెచ్చుకున్నాడు. రేపే కాలేజీ తెరుస్తారు. అద్దాల బీరువాలో చక్రవర్తి లేకపోతే భానుమూర్తి ఉద్యోగమూ ఉండదు.

పోలీసుల దగ్గరికి వెళ్దామంటే మొదటి దొంగ తనే.

"ఏమైంది సారూ, గట్ల పరేషాన్ అయితున్నవ్?" ఇంటి ఓనరు కృష్ణమ్మ గుమ్మంలోకి వచ్చింది. సరూర్‌నగర్‌లో పొలాన్ని ప్లాట్లు చేసి అమ్మి ఈ ఇల్లు కట్టిందామె. ఇప్పుడు పైన ఇంకో అంతస్తు లేపుతోంది. గోడలు తడపడానికి పొద్దస్తమానం మోటారు మోగుతూనే ఉంటుంది.

"ముద్రండీ! మొన్న మీకు చూపించానే, అదే! కనపడటం లేదు!"

మొన్న చూపించడమంటే అలా ఇలా చూపించలేదు. పాపం, కరివేపాకు కోసం వచ్చినావిడను కూర్చోబెట్టి పాఠమంతా చెప్పాడు. "చూడండి, ఈ ముద్ర చెక్కుచెదరకుండా ఉంటే మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టలేదని అర్థం. రాజెక్కడో ఉంటాడు, ఆయన్నెవరు చూశారు? జనం ఈ బిళ్ళను చూసి భయపడేవాళ్ళు. ఇది వేలాడుతోందంటే అక్కడ సర్కారు ఉన్నట్టే!"

కాలేజీలో ఏ క్లాసూ అంత శ్రద్ధగా వినలేదు. కృష్ణమ్మ కన్నార్పకుండా విని, "గంతేనా సారూ? బిళ్ళను జూస్తె సాలా?" అని మళ్ళీ మళ్ళీ అడిగింది. భానుమూర్తి మురిసిపోయి, అడగని సంగతులు కూడా చెప్పాడు.

"గా పాతసామాన్ల సాయిలే ఎత్కపోయుంటడు," అంది కృష్ణమ్మ ఇప్పుడు. "సీసమంటె ఆనికి పానం. నిన్న గీ గల్లీలనే తిరిగిండు."

భానుమూర్తి ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి ఎవరిదో చెప్పు వేసుకుని సరూర్‌నగర్ చెరువు పక్కనున్న సాయిలు కొట్టుకు పరుగెత్తాడు. అడగా పెట్టకుండా గోనెసంచులు బోర్లించాడు. పాత బ్యాటరీ పలకలు, చేపల వలలకు కట్టే గుళ్ళు, వంగిన గరిటెలు రాలాయి. చక్రవర్తి రాలలేదు.

"ఏంది సారూ గిది? నేనేమన్న దొంగనా?" సాయిలుకు రోషం వచ్చింది. "మీ ఓనరమ్మ గూడ గిట్లనే వొచ్చి, గుండ్రటి సీసం బిళ్ళ ఉన్నదా అని సంచులన్ని దేవులాడింది. మీ ఇంట్ల అందరికి ఏమైంది?"

భానుమూర్తికి గుండె కరిగిపోయింది. తనకంటే ముందే వచ్చి వెతికిందన్నమాట, మహాతల్లి! ఊరుకాని ఊళ్ళో ఇంత ఆపేక్ష చూపే ఓనరు ఎంతమందికి దొరుకుతుంది? ఇకమీదట మోటారు చప్పుడు గురించి ఆవిడతో పేచీ పెట్టుకోకూడదని ఒట్టు పెట్టుకుని ఇంటిదారి పట్టాడు.

ఇంటి ముందు కరెంటాఫీసు జీపు ఆగి ఉంది. ఎల్బీనగర్ వైపు నుంచి కొత్త కాలనీలన్నీ వరసగా తనిఖీ చేసుకుంటూ వస్తున్నారట. మీటరు విప్పి దొంగ కరెంటు వాడుకున్నవాళ్ళకు అక్కడికక్కడే తీగలు కత్తిరిస్తున్నారట. గల్లీలో సగం ఇళ్ళకు తాళాలు పడ్డాయి. కృష్ణమ్మ మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఇన్‌స్పెక్టరుకు మజ్జిగ అందిస్తోంది.

ఇన్‌స్పెక్టరు చీకటి వరండాలో స్టూలెక్కాడు. మీటరును తట్టాడు, దాని తీగను లాగి చూశాడు, సీలును వేళ్ళతో తడిమాడు.

"శాబాష్! గీ గల్లీల సీలు తెగని మీటరు గిదొక్కటే," అన్నాడు అందరికీ వినపడేలా. "గిది సర్కారు సీలు. ఇగ ఎవ్వరన్న ముట్టుకున్నరో, సీదా జైలే! ఏం సారూ, సదువుకున్నోళ్ళు, జర మీరు గూడ జూడున్రి. మంచిగున్నదా లేదా?"

భానుమూర్తి స్టూలెక్కి, కళ్ళజోడు సర్దుకుని, మీటరుకు దగ్గరగా మొహం పెట్టాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"చెప్పు సారూ," అంది వెనకనుంచి కృష్ణమ్మ మెల్లగా. "మొన్న నాకు జెప్పినవ్ గద, గట్లనే జెప్పు."

"సర్కారుదేనండీ," అన్నాడు భానుమూర్తి, మీటరుకు వేలాడుతున్న గడ్డం రాజును చూస్తూ.